రెండు క్రేట్ల సమావేశం

ఆ రెండో శనివారం ఉదయం జగదీష్ మూడు పనులు పెట్టుకున్నాడు. తొమ్మిదిలోపల ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దడం, పదింటికి స్కూటర్‌ను సర్వీసింగుకు ఇవ్వడం, పన్నెండుకల్లా ఇంటికి వచ్చి ఏ పనీ లేకుండా కూర్చోవడం. మూడో పని కోసం అతను నెల రోజులుగా ఎదురుచూస్తున్నాడు.

జగదీష్ మదనపల్లెలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. గంటలు పట్టే పనిని కంప్యూటర్ చేత నిమిషంలో చేయించడం అతనికి సరదా. రెండేళ్ల కిందట పిల్లల హాజరు పట్టికకు ఒక స్క్రిప్టు రాసి తగిలించాడు. పట్టికలో తల్లిదండ్రుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. పైన ఒక జాబితా ఉంటుంది: తల్లిదండ్రుల సమావేశం, సెలవు కబురు, పరీక్ష తేదీలు, అలాంటివి. కావలసింది ఎంచుకుని ఒక్క బటన్ నొక్కితే అందరి ఫోన్లకూ మెసేజ్ వెళ్లిపోతుంది. ఇన్ని సందేశాలు పంపబడ్డాయి అని తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వస్తాయి.

స్క్రిప్టు మధ్యలో ఆగిపోయి ఎర్ర అక్షరాలు చూపించడం జగదీష్‌కు గిట్టదు. ఎర్ర అక్షరాలు చూసినవాళ్లు కంగారుపడి తనకే ఫోన్ చేస్తారు. అందుకని, కావలసినది ఏదైనా దొరక్కపోయినా ఆగకుండా, దొరికినదానితో పని కానిచ్చేలా రాశాడు. అలాగే ఎవరైనా తప్పులతో టైపు చేసి పంపుతారేమోనని, సొంతంగా మెసేజ్ రాసుకునే వీలు కూడా తీసేశాడు. ఈ రెండూ ముందుచూపుతో చేసిన పనులని అతని నమ్మకం.

పోయిన వారం ఆ స్క్రిప్టును ఇద్దరికి పంపాడు. ఇద్దరూ శిక్షణ తరగతుల్లో పరిచయమైనవాళ్లే. ఒకరు కుప్పం దగ్గర పనిచేసే సిద్ధార్థ. రెండోవారు పుంగనూరు శివారు బడి హెడ్మిస్ట్రెస్ హేమలత.

సిద్ధార్థ ఊరికే చూద్దామని అడిగాడు. హేమలతకు మాత్రం అది అవసరం. ఆమె బడిలో నాలుగు, అయిదు తరగతుల పిల్లలు వరండాలో రేకుల కింద కూర్చుంటారు. వాన వస్తే పాఠం ఆగుతుంది, గాలి వస్తే పుస్తకాలు లేస్తాయి. ఎన్నో ఉత్తరాలు రాయగా చివరికి రెండు గదులు మంజూరయ్యాయి. ఒకటే షరతు. తల్లిదండ్రులలో సగం మంది సమావేశానికి వచ్చి, మండల విద్యాధికారి ఎదుట తీర్మానం మీద సంతకాలు చెయ్యాలి. మొత్తం నూట ఎనభై ఆరు మంది, అంటే తొంభై మూడు సంతకాలు. మొదటి సమావేశానికి పదిహేడు మంది వచ్చారు. రెండోసారి ఇరవై ఇద్దరు. మూడోసారి తొమ్మిది మంది. వాళ్లలో ఇద్దరు దారి తప్పి వచ్చినవాళ్లు. ఈ శనివారం నాలుగోది, ఆఖరిది. ఈసారి కూడా సగం మంది రాకపోతే గదులు పక్క మండలానికి వెళ్లిపోతాయి.

ఏడున్నరకు జగదీష్ మొదటి పేపరు తీశాడో లేదో హేమలత ఫోన్ చేసింది. ఆమె గొంతులో పండగ ఉంది.

"సార్, మీ స్క్రిప్టు అద్భుతం సార్! నిన్న సాయంత్రం బటన్ నొక్కినాను. నూట ఎనభై ఆరు సందేశాలు పంపబడ్డాయని వచ్చిండాది. పొద్దున్నించీ ఒకటే ఫోన్లు."

"ఫోన్లా? ఎవరు చేస్తాండారు?"

"పేరెంట్సే సార్! ఇన్నేళ్లలో నాకు పేరెంట్స్ ఫోన్ చేసింది లేదు. ఒకాయన, నాటువా హైబ్రిడా మేడమ్ అని అడిగినాడు. మన బడి తోటకు మొక్కలు తెస్తాడు కాబోలని, ఏదైనా పర్వాలేదప్పా, నువ్వు రావడమే ముఖ్యం అన్నాను. ఇంకొకామె, మా కాడ లేవు మేడమ్, బయట తీసుకోని వస్తే ఒప్పుకుంటారా అని అడిగింది. ఆధార్ సంగతనుకుంటాను. ఒరిజినల్ వద్దమ్మా, జిరాక్స్ చాలు అన్నాను."

"ఆమె ఏమన్నాది?"

"జిరాక్సా అని రెండుసార్లు అడిగింది సార్. తర్వాత ఫోన్ పెట్టేసింది."

జగదీష్ సంతోషించాడు. ఒక పేపరు దిద్ది, ఉదారంగా మూడు మార్కులు ఎక్కువ వేశాడు. రెండో పేపరు తీసేలోపు సిద్ధార్థ ఫోన్ వచ్చింది.

"సార్, గుడ్ మార్నింగ్. నేను టమాటాలు యాల తేవాల సార్?"

"ఏం టమాటాలు?"

"మీ స్క్రిప్టు పని చేస్తాదో లేదో సూద్దామని నా ఒక్క నంబరే పెట్టుకోని నొక్కినాను. సమావేశం అని ఎంచుకుంటే నాకు వచ్చిన మెసేజ్ ఇది, సదువుతాను వినండి. ఉదయం పది గంటలకు బడికి రండి. రెండు క్రేట్ల టమాటా తీసుకురండి. ఆలస్యం చేయవద్దు."

జగదీష్ చేతిలోని ఎర్ర పెన్ను పేపరు మీద అలాగే ఆగింది. సిరా గుండ్రంగా వ్యాపించి, ఆ పిల్లవాడి సరైన జవాబును మింగేసింది.

"లోపల కోడ్ సూసినాను సార్," అన్నాడు సిద్ధార్థ. "లేఖరి అనే యాడ్-ఆన్ కోసం ఎతుకుతాండాది. అది నా కంప్యూటర్లో లేదు. లేకపోతే ట్రయల్ అనే పేజీకి పోయి, ఆడ మొదటి వరసలో ఏమి ఉంటే అది పంపిస్తాండాది. లేఖరి అంటే ఏంది సార్?"

జగదీష్ పెన్నుకు మూత పెట్టాడు.

లేఖరి తయారుచేసింది మునిచంద్ర. పదకొండేళ్లు స్టాఫ్ రూములో జగదీష్ పక్క కుర్చీలో కూర్చున్న తెలుగు మాస్టారు. జగదీష్ రాసే మెసేజ్‌లు పోలీసు నోటీసుల్లా ఉంటాయని ఆయన బాధపడేవాడు. చివరికి తానే కూర్చుని, ఏ సందర్భానికి ఏ మాట వాడాలో నలభై మర్యాదైన సందేశాలు రాసి, కంప్యూటర్ తెలిసిన మేనల్లుడి సాయంతో వాటిని ఒక చిన్న యాడ్-ఆన్‌గా చేయించి, ఒక మధ్యాహ్నం జగదీష్ కంప్యూటర్లో పెట్టిపోయాడు. అప్పటి నుంచి స్క్రిప్టు బటన్ నొక్కితే మాటలు లేఖరి నుంచి వచ్చేవి. అది అక్కడ ఉందన్న సంగతి కూడా జగదీష్ మరిచిపోయాడు. పనిచేసే వస్తువు ఎవరికి గుర్తుంటుంది? మునిచంద్ర పోయి పది నెలలైంది. స్టాఫ్ రూములో ఆ కుర్చీలో ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు.

స్క్రిప్టును పంపినప్పుడు జగదీష్ తాను రాసినదంతా పంపాడు. మునిచంద్ర రాసింది మాత్రం పంపలేదు.

ట్రయల్ పేజీలో ఉన్నది పాత సంగతి. మదనపల్లె బడికి మధ్యాహ్న భోజనం కోసం టమాటా తెచ్చే తిమ్మప్ప అనే రైతుకు, స్క్రిప్టు రాసిన మొదటి రోజు పరీక్షగా పంపిన మెసేజ్. పరీక్ష నెగ్గింది. మర్నాడు పదింటికి తిమ్మప్ప రెండు క్రేట్లతో వచ్చాడు.

"సార్, ఉండారా?" అన్నాడు సిద్ధార్థ.

"ఉండాను. హేమలత మేడమ్ నిన్న సాయంత్రం నూట ఎనభై ఆరు మందికి నొక్కింది."

ఇద్దరూ మనసులో గుణించారు. లెక్కల మాస్టారు కాబట్టి జగదీష్ ముందు పూర్తిచేశాడు. మూడు వందల డెబ్భై రెండు క్రేట్లు.

హేమలతకు ఈ విషయం చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, అరవలేదు. "జిరాక్స్ చాలన్నాను సార్," అంది మెల్లగా. తర్వాత, "పదిన్నరకు ఎం.ఈ.ఓ. మేడమ్ వస్తాది. ఇప్పుడు ఏమి చెయ్యాల?" అంది.

"కంగారు పడొద్దు మేడమ్. జాబితాలో ఆరోది ఉంటాది సూడండి, ముందు పంపిన సందేశం రద్దు అని. అది ఎంచుకోని నొక్కండి. రెండు నిమిషాల్లో అందరికీ పోతాది."

హేమలత నొక్కింది. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి పూర్తిగా లోపలికి పోకముందే జగదీష్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆ రద్దు సందేశం కూడా లేఖరిలోనే ఉంది. లేఖరి హేమలత కంప్యూటర్లో లేదు.

"మేడమ్, ఇప్పుడు ఏమి పోయిందో ఎవరినన్నా అడగండి."

బడిలో వంట చేసే చెంగమ్మ అప్పుడే లోపలికి వచ్చింది. ఆమె మనవడు అయిదో తరగతి కాబట్టి ఆమె నంబరూ జాబితాలో ఉంది. ఫోన్‌లో ఆమె గొంతు జగదీష్‌కు స్పష్టంగా వినిపించింది.

"ఏందమ్మా ఇది, రాత్రి ఒకసారి చెప్తిరి, ఇప్పుడు మళ్లీ చెప్తిరి. రెండు క్రేట్లు తెస్తామమ్మా, కొంచెం నిదానం. టమాటాకు కాళ్లు ఉండాయా, నడిచి వచ్చేకి?"

జగదీష్ స్కూటర్ వైపు చూశాడు. దాని బ్రేకులు పనిచేయడం లేదు, సర్వీసింగుకు ఇవ్వాలనుకున్నది అందుకే. పేపర్లు సంచిలో కుక్కి బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు కదిలేలోపు లేఖరిని హేమలతకు మెయిల్‌లో పంపాడు. ఎక్కడ పెట్టాలో, ఏది నొక్కాలో ఫోన్‌లో ఒక్కొక్కటిగా చెప్పాడు. బస్సు టమాటా మార్కెట్ యార్డు దాటేసరికి హేమలత కంప్యూటర్లో లేఖరి కుదురుకుంది.

"ఇప్పుడు రద్దు నొక్కేదా సార్?"

జగదీష్ ఆలోచించాడు. ఇప్పుడు రద్దు అంటే సమావేశమే రద్దనుకుంటారు. అది ఇంకా ప్రమాదం.

"వద్దు మేడమ్. సమావేశాన్ని గుర్తుచేయుట అని ఉంటాది. అది పంపండి. అందులో టమాటా ఊసు ఉండదు. సమావేశం అని మాత్రమే ఉంటాది. జనాలకు అర్థమైపోతాది."

హేమలత పంపింది. అయిదు నిమిషాల తర్వాత ఆ సందేశాన్ని జగదీష్‌కు కూడా పంపింది. పక్కన ఏమీ రాయలేదు. మునిచంద్ర నిండైన భాషలో అది ఇలా ఉంది:

'ఆర్యా! ఇంతకుముందు మా పాఠశాల నుండి తమకు పంపిన సందేశాన్ని దయతో జ్ఞప్తియందుంచుకొని, అందులో తెలిపిన ప్రకారం ఏ లోపమూ లేకుండా నేటి సమావేశానికి విచ్చేయగలరని ప్రార్థన.'

జగదీష్ ఫోన్ జేబులో పెట్టేశాడు. పక్క సీటులో తలకు టవలు చుట్టుకున్న ఒక పెద్దాయన అతని వైపు తిరిగాడు.

"ఏమప్పా, పుంగనూరుకేనా?"

"అవునప్పా."

"ఆడ బడికాడ గవర్నమెంటోళ్లు టమాటా కొంటాండారంట గదా. మా బామ్మర్దికి మూడు సార్లు మెసేజ్ వచ్చిండాది. యార్డులో రేటు పడిపోయి కోతకూలి కూడా రాక చేన్లోనే ఇడిసిపెట్టినాడు పాపం. ఇప్పుడు అర్జెంటుగా కోస్తాండాడు."

"అది తప్పు మెసేజ్ అప్పా. ఆడ ఎవురూ కొనరు."

పెద్దాయన అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వు ఏ మండీ దళారివి?"

"నేను మండీ కాదు. మాస్టర్ని."

"మాస్టరైతే ఈ పొద్దు సెలవు గదా, పుంగనూరుకు యాల పరిగెత్తుతాండావు? మీ మండీలోళ్లకు కడుపుమంటప్పా. రైతుకు నాలుగు రూపాయలు వస్తాండాయంటే సూడలేరు." ఆయన వెనక సీటు వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "ఖాయమేనంట రా! మండీలోళ్లు మనిషిని పంపిస్తాండారు ఆపేకి!"

బస్సులో నలుగురు వెంటనే ఫోన్లు తీశారు. జగదీష్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. పుంగనూరు దగ్గరపడే కొద్దీ ఆటోలు బస్సును దాటుకుని వెళ్తున్నాయి. ప్రతి ఆటోలోనూ మనుషులు వెనక వేలాడుతుంటే, క్రేట్లు ముందు కూర్చున్నాయి.

బడి దగ్గరికి చేరేసరికి పదీ ఇరవై అయింది. గేటు కనబడలేదు. గేటు ఉండవలసిన చోట ఒక ట్రాక్టరు ట్రాలీ అడ్డంగా ఒరిగి ఉంది. దాని వెనక చక్రం కాలవలో దిగబడింది. ట్రాలీ మీద అరవై క్రేట్లకు తక్కువ లేవు. జగదీష్ సంచిని ముందు విసిరి, యాభై రెండేళ్ల వయసులో మొదటిసారిగా బడి గోడ దూకాడు.

లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. గుంపులుగా ఆడవాళ్లు, భుజాల మీద టవళ్లతో మగవాళ్లు. క్రేట్లు, గోనెసంచులు, బుట్టలు, ఒకామె చేతిలో స్టీలు క్యారియరు. టమాటా పండించనివాళ్లు అంగట్లో కొనుక్కుని మరీ తెచ్చారు. మూలన ఒక పొట్టి పుంగనూరు ఆవు ఎవరి బుట్టలోనో తల పెట్టి నిశ్చింతగా తింటోంది. వరండాలో హేమలత నిలబడి ఉంది. ఆమె ముందు పొడుగాటి మీసాలతో మల్లప్ప అనే రైతు. ఆ ట్రాక్టరు ఆయనదే.

"రేటు చెప్పమ్మా ముందు," అంటున్నాడు మల్లప్ప. "తూకం యాడ ఏస్తారు? కాటా లేకుండా ఎట్ల పిలిస్తిరి ఇంతమందిని?"

"మల్లప్పా, ఈడ ఎవరూ కొనడం లేదు. ఇది తల్లిదండ్రుల మీటింగు. ఆ మెసేజ్ పొరపాటున వచ్చిండాది."

"మూడు సార్లా పొరపాటు?"

వెనక నుంచి "ఏ లోపమూ లేకుండా రమ్మన్నారు గదా!" అని ఎవరో అరిచారు. గొడవ మొదలైంది. "పోదాం పదండి", "యాడికి పోతావు, గేటు యాడుండాది?" అన్న మాటలు వినిపించాయి. నిజమే. చక్రం పైకి లేచేదాకా ఎవరూ బయటికి పోలేరు. జాకీ తెచ్చేందుకు వెళ్లిన మనిషి కూడా గోడ దూకే వెళ్లాడు.

సరిగ్గా అప్పుడు ఆఫీసు గదిలోంచి మండల విద్యాధికారి హరిత బయటికి వచ్చింది. పావుగంట ముందే, ట్రాలీ ఒరగక మునుపే వచ్చి, లోపల చిక్కుకుపోయింది. ఆమె చేతిలో ఫైలు ఉంది. ఫైలును చూసింది, జనాన్ని చూసింది, మళ్లీ ఫైలును చూసింది.

"హేమలత గారూ, పోయినసారి తొమ్మిది మంది వచ్చారని రాశారు. ఇక్కడ సున్నా ఏమైనా రాలిపోయిందా?"

"లేదు మేడమ్. ఇది... వేరే కారణం."

జగదీష్ ముందుకు వచ్చాడు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. "తప్పు నాది మేడమ్. ఆమెది ఏమీ లేదు," అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, క్లాసులో చెప్పినట్టు మొదటి నుంచి చెప్పాడు. స్క్రిప్టు తనదని, దానికి లేఖరి అనే ఇంకొక భాగం తోడు కావాలని, అది తన కంప్యూటర్లో ఉండటం వల్ల అందరి దగ్గరా ఉంటుందనుకున్నాడని, అది లేనప్పుడు స్క్రిప్టు ఆగిపోకుండా పాత మెసేజ్ పంపిందని. చెంగమ్మ అంది:

"అంటే సార్, కూర కుండ మీ ఇంట్లోనే పెట్టుకోని, మా ఇంటికి గంటె మాత్రం పంపిస్తిరి. మేము ఆ గంటెతో ఏది దొరికితే అది వడ్డించుకుంటిమి."

"అంతేనమ్మా," అన్నాడు జగదీష్. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అతని పాఠాన్ని ఇంత బాగా ఎవరూ అప్పజెప్పలేదు.

నవ్వులు మొదలయ్యాయి. హరిత ఆ అదను వదులుకోలేదు. "ఎట్లాగూ అరగంట బయటికి పోలేరు. అందరూ కూర్చోండి," అంది. రిజిస్టరు తెప్పించి హాజరు వేయించింది. నూట డెబ్భై ఒకటి. హేమలత ఆ అంకెను రెండుసార్లు లెక్కపెట్టింది.

తీర్మానం చదివారు. వరండాలో కూర్చునే పిల్లలకు రెండు గదులు. సంతకాలు పెట్టవలసిందిగా కోరారు. ఎవరూ లేవలేదు. అందరూ మల్లప్ప వైపు చూశారు. మల్లప్ప మీసం సవరించుకున్నాడు.

"గదులు కట్టండి, వద్దనేది ఎవురు? మా సంగతి ఏమి చేస్తారు? తెల్లారుజామున కోసినాం. డీజిలు పోసుకోని వచ్చినాం. సంతకం కావాలంటే సరుకు సంగతి తేల్చాల."

"తేల్చాల," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

నూట డెబ్భై ఒక్కమంది ఎదురుగా కూర్చుని ఉన్నారు. సంతకాలు మాత్రం సున్నా. నూట డెబ్భై ఒక్కమంది వచ్చి సంతకం చేయకుండా వెళ్లారని రాయడం కన్నా తొమ్మిది మందే వచ్చారని రాయడం నయం. కాలవ దగ్గర నుంచి జాకీ వచ్చిందన్న కేక వినిపించింది.

చెంగమ్మ కొంగు బిగించుకుని మల్లప్ప ముందుకు వచ్చింది. "మల్లప్పన్నా, నీ మనమరాలు యాడ కూసుంటాండాది?"

"బడిలో."

"బడిలో యాడ?"

"...వరండాలో."

"పోయిన్నెల్లో వానకు తడిసి నాలుగు దినాలు జరం వచ్చింది ఎవురికి? నాకా, నీ ట్రాక్టరుకా?"

మల్లప్ప నేల వైపు చూశాడు. "అది కాదు చెంగమ్మా. ఇంత సరుకు..."

"వెనక్కి తీసుకపోయి ఏమి చేస్తావు? యార్డులో అడిగేవాడు లేడని నువ్వే గదా నిన్న టీ అంగడికాడ అంటివి?"

హరిత అప్పటికే ఫోన్ తీసింది. మండలంలోని హాస్టళ్ల వార్డెన్లతో ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడి, "నాలుగు హాస్టళ్ల వాళ్లు బండి పంపుతారు. మధ్యాహ్న భోజనం వండే బడులు కూడా సోమవారానికి తీసుకుంటాయి. కానీ డబ్బులు ఇచ్చే దారి నా దగ్గర లేదు, ముందే చెప్తున్నాను," అంది.

మల్లప్ప తన ట్రాలీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "ఊరికే ఇచ్చేకి ఒప్పుకుంటాం మేడమ్. వెనక్కి మోసేకి మాత్రం ఒప్పుకోం. యాడ పెట్టాల సంతకం?"

ఆయన పెట్టాక వరస కట్టారు. ట్రాలీ పైకి లేచి గేటు ఖాళీ అయినా ఎవరూ వెళ్లలేదు. వెళ్లేవాళ్లు సంతకం పెట్టే వెళ్లారు. తొంభై మూడో సంతకం దగ్గర హేమలత లోపలికి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చింది.

జనం పలచబడుతుండగా జగదీష్ చెంగమ్మను అడిగాడు. "ఇంతకుముందు కూడా మేడమ్ పిలిచినారు గదమ్మా, ఎంత మర్యాదగా రాసి పంపినారు. అప్పుడు యాల రాలా?"

"ఆ కాగితాలా సార్? ఆర్యా అని ఉంటాది. మా ఇంట్లో ఆర్య అనేటోళ్లు ఎవురూ లేరు, ఎవురికో పోవాల్సింది మాకొచ్చిందనుకుంటిమి. ఈ పొద్దు మూడోసారి వచ్చింది కూడా అట్లాంటిదే." చెంగమ్మ ఒక టమాటాను చేతిలో తిప్పుతూ కొంచెం ఆలోచించింది. "విచ్చేయగలరు అంటే, వస్తే రండి, రాకపోతే మాకేమి అన్నట్ల ఉంటాది సార్. ఈసారి తెమ్మన్నారు. తెమ్మంటే, మనం పోకపోతే ఆడ పని జరగదని గదా అర్థం."

మునిచంద్ర ఉంటే ఈ మాటకు ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. రెండు రోజులు వాదించి, మూడో రోజు ఉదయం టీ తాగుతూ, అవునయ్యా, ఆమె చెప్పిందే సబబు అనేవాడు. ఆ రెండు రోజుల వాదన ఇప్పుడు ఎవరితో పెట్టుకోవాలో జగదీష్‌కు తెలియలేదు. తమ బడిలో రెండేళ్లుగా లేఖరి పంపిన పిలుపులకు ఎంతమంది వచ్చారో గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తురాలేదు. అతను ఎప్పుడూ పంపినవి లెక్కపెట్టాడు గాని, వచ్చినవాళ్లను లెక్కపెట్టలేదు. అయినా తన కంప్యూటర్లోంచి లేఖరిని తీసేయబోడు. అది ఎవరితోనూ చర్చించవలసిన విషయం కాదు.

హరిత జీపు ఎక్కబోతూ ఆగింది. "మాస్టారూ, ఈ స్క్రిప్టు మండలంలో అన్ని బళ్లకూ పంపండి."

"తప్పకుండా మేడమ్. ఈసారి ఏ లోపమూ రాకుండా లేఖరిని కూడా జతచేసి పంపిస్తాను."

"లేఖరి వద్దు," అంది హరిత. "ఆ ట్రయల్ పేజీ మాత్రం ఉంచండి. టమాటా తీసేసి, కొంచెం తేలికైనది ఏదైనా రాయండి."

జీపు వెళ్లిపోయింది. సాయంత్రం బండ్లన్నీ కదిలాక, తీర్మానం పుస్తకంలో సమావేశం విజయవంతం కావడానికి చేసిన ప్రత్యేక కృషి అనే గడి దగ్గర హేమలత చాలాసేపు పెన్ను ఆపి, చివరికి సాంకేతిక పరిజ్ఞానం అని రాసి సంతకం పెట్టింది.